కువైట్ నుంచి డిపోర్ట్ అయి వచ్చిన మా బావ: అప్పు, ఆగిపోయిన జీతం, మళ్లీ పోయే దారి. తెలిసినవాళ్లు చెప్పండి

కోరుట్ల బిడ్డ

అందరికీ నమస్కారం. మా అక్క భర్త పోయిన నెల కువైట్ నుంచి డిపోర్ట్ అయి వచ్చాడు. వెళ్లింది 20 నంబర్ వీసా మీద, అంటే ఇంటి పని ఖాదిం వీసా. "పేరుకే ఇంటి పని, వీసా ఇచ్చిన యజమాని కఫీల్‌కు ఏడాదికి ఇంత కట్టేస్తే బయట ఎక్కడైనా చేసుకోవచ్చు" అని ఏజెంట్ చెప్పి పంపాడు. బావ బయట టైల్స్ పని చేశాడు. కువైట్‌లోని హసావియా ఏరియాలో రూమ్ మీదికి తెల్లవారుజామున చెకింగ్ వచ్చింది. బతాకా, అంటే అక్కడి గుర్తింపు కార్డు, చూశారు. కఫీల్ ఒకరు, పని ఇంకొకరి దగ్గర అని తేలింది. స్టేషన్‌కు, అక్కడి నుంచి డిపోర్టేషన్ సెంటర్‌కు తీసుకెళ్లారు. రూమ్‌కు పోయి బట్టలు తెచ్చుకుంటానన్నా వదల్లేదు. రెండు నెలల జీతం కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోయింది.

వీసాకు తెచ్చిన అప్పు లక్షా ఎనభై వేలు, నూటికి రెండు రూపాయల మిత్తి. అందులో సగం కూడా తీరలేదు. అక్క బీడీలు చుట్టి ఇల్లు నడుపుతోంది. బావ గడప దాటడం లేదు. ఎవరైనా అడిగితే సెలవు మీద వచ్చాడని చెప్పమంటున్నాడు.

నేను అడిగేది ఇదే. ఆ జీతం వస్తుందా? ఏజెంట్ మీద కేసు పెట్టొచ్చా? మళ్లీ ఎప్పుడైనా గల్ఫ్ పోగలడా?

---

హసావియా పాత కాపు

తమ్మీ, నేను చాలా ఏళ్లు కువైట్‌లో ఉండి వచ్చినవాణ్ణి. చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తా, ఎందుకంటే ఆ ఆశ చూపించి మీ దగ్గర ఇంకో లక్ష లాగేవాళ్లు త్వరలోనే ఇంటికి వస్తారు.

కువైట్ నుంచి బయటికి వచ్చే దారులు అన్నీ ఒకటి కావు. క్షమాభిక్షలో వచ్చినవాడు వేరు, పట్టుబడి డిపోర్ట్ అయినవాడు వేరు. 2018లో జనవరి చివర మొదలై ఏప్రిల్ దాకా క్షమాభిక్ష ఇచ్చారు. 2020 ఏప్రిల్‌లో కరోనా సమయంలో ఇంకోసారి, అప్పుడు టికెట్ కూడా వాళ్లే ఇచ్చారు. 2024లో మార్చి 17 నుంచి జూన్ చివరి వరకు మళ్లీ ఇచ్చారు. ఈ గడువుల్లో బయటికి వచ్చినవాళ్లకు జరిమానా లేదు, కొత్త వీసా దొరికితే మళ్లీ పోవచ్చు. చెకింగ్‌లో దొరికి సఫర్ జైలు, అంటే డిపోర్టేషన్ సెంటర్, మీదుగా వచ్చినవాడి పది వేళ్లూ డిపోర్ట్ లిస్టులోకి ఎక్కుతాయి. పాస్‌పోర్టు మార్చినా, పేరులో ఒక అక్షరం మార్చినా అక్కడి ఎయిర్‌పోర్టులో వేలు పెట్టగానే పాత ఫైలు తెరుచుకుంటుంది. కాబట్టి కువైట్ మర్చిపోమని బావకు చెప్పు. కటువుగా ఉందని తెలుసు.

ఇంకో మాట. 2024 జూలై మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య వరకు కఫీల్ ఒప్పుకుంటే 20 వీసాను 18లోకి, అంటే కంపెనీ వీసాలోకి మార్చుకునే అవకాశం ఇచ్చారు. మనవాళ్లలో చాలామందికి ఆ కబురు చేరలేదు. చేరినా కఫీల్ సంతకానికి డబ్బు అడిగాడు. 2025 జనవరి నుంచి కొత్త నివాస చట్టం వచ్చి జరిమానాలు పెరిగాయి, చెకింగ్‌లు ఎక్కువయ్యాయి. మీ బావ సరిగ్గా ఆ మధ్యలో ఇరుక్కున్నాడు.

---

నిజామాబాద్ వకీలు

జీతం గురించి ఉన్నదున్నట్టు చెప్తాను. చట్టం దృష్టిలో మీ బావ యజమాని కఫీల్, కాంట్రాక్టర్ కాదు. కాంట్రాక్టర్ దగ్గర పని చేసినట్టు ఒప్పందం లేదు. అందుకే ఈ కేసుల్లో డబ్బు రావడం కష్టం. అయినా వదలొద్దు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. కాంట్రాక్టర్ ఫోన్ నంబర్, పని చేసిన బిల్డింగ్ ఫొటోలు, జీతం గురించి మాట్లాడిన వాట్సాప్ మెసేజ్‌లు, పాత నెలల్లో పంపిన డబ్బు రసీదులు, అన్నీ జత చేయండి. ఆ ఫోన్ ఆయన దగ్గర ఉందా, అక్కడే పోయిందా? పాత నంబర్ సిమ్ లేకపోయినా ఇంట్లోవాళ్ల ఫోన్లలో ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉంటాయి, అవి డిలీట్ చేయకండి.

ఏజెంట్ సంగతిలో మీ చేయి కాస్త బలంగా ఉంది. లైసెన్స్ ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ కూడా కార్మికుడి దగ్గర 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. లైసెన్స్ లేకుండా మనుషుల్ని పంపడం 1983 వలసల చట్టం ప్రకారం నేరం, రెండేళ్ల వరకు జైలు. లైసెన్స్ ఉన్న ఏజెంట్ల పేర్లుండే ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో మీ ఏజెంట్ పేరు ఉందో లేదో చూడండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంట్లలో ఎక్కువమందికి ఉండదు. హైదరాబాద్‌లో వలస కార్మికుల సంగతులు చూసే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. మోసం సెక్షన్ కూడా పడుతుంది.

నా అనుభవంలో ఈ కేసులు కోర్టులో ఆగడం తక్కువ, పెద్దమనుషుల దగ్గరే ఎక్కువ ఆగిపోతాయి. ఏజెంట్ మేనబావో, పక్కింటి అన్నో అయి ఉంటాడు. "కేసు వెనక్కి తీసుకో, యాభై వేలు ఇప్పిస్తాం" అంటారు. ఎఫ్ఐఆర్ అయ్యాకే అలాంటి మాటకు కూర్చోండి.

---

రాయచోటి మిత్రుడు

పాత కాపు అన్న చెప్పిన వేలిముద్రల సంగతికి మా కడప వైపు నుంచి ఒకటి కలుపుతాను. 2022 సెప్టెంబర్ మొదట్లో రాచకొండ పోలీసులు ఘట్‌కేసర్ దగ్గర నలుగురిని పట్టుకున్నారు. వాళ్లలో ఆసుపత్రుల్లో ఎక్స్‌రే, మత్తుమందు విభాగాల్లో పనిచేసేవాళ్లున్నారు. కువైట్ నుంచి డిపోర్ట్ అయినవాళ్ల వేళ్ల కొసలు కోసి, లోపలి కణజాలం కొంత తీసేసి కుట్లు వేసేవాళ్లు. మానాక గీతలు మారతాయి, ఆ వేళ్లతో ఆధార్ అప్‌డేట్ చేయించి, కొత్త వీసాకు పోవడం. ఒక్కొక్కరి దగ్గర పాతిక వేలు. రాజస్థాన్, కేరళ దాకా వెళ్లి కూడా చేశారు.

ఈ వార్త వచ్చినప్పుడు టీవీల్లో అందరూ ముఠా గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ బల్ల మీద చేతులు చాపిన మనిషే కళ్ల ముందు ఆడాడు. తాపీ పనివాడికి, డ్రైవర్‌కు చేతి వేళ్లే కదా బతుకు. ఆ వేళ్లనే కోయించుకోవడానికి ఒప్పుకున్నాడంటే ఇంటి దగ్గర అప్పు ఎంత తరుముతోందో ఆలోచించండి. కోరుట్ల తమ్ముడూ, మీ బావ దగ్గరికి ఇలాంటి మాట ఎవరైనా తెస్తే దయచేసి దగ్గరికి రానివ్వద్దు. చెయ్యీ పోతుంది, కేసూ పడుతుంది.

---

సూటిమాట

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఇంటి పని వీసా మీద వెళ్లి టైల్స్ పని చేస్తే అది అక్కడి చట్టం ప్రకారం తప్పే. ఏ దేశమైనా పంపేస్తుంది. మన హైదరాబాద్‌లో రోహింగ్యాలను పంపేయాలని మనమే పోస్టులు పెడతాం. మనవాడిని పంపితే అన్యాయం, వాళ్లని పంపితే న్యాయమా? ఒకే కొలత ఉండాలి.

---

కోరుట్ల బిడ్డ

అన్నా, తప్పు కాదని నేను అనలేదు. ఆ తప్పులో కఫీల్‌కు ఏటా డబ్బు ముట్టింది, కాంట్రాక్టర్‌కు చవకగా పని దొరికింది, ఏజెంట్‌కు కమీషన్ వచ్చింది. విమానం ఎక్కించింది మా బావ ఒక్కడినే.

---

లంకల అమ్మాయి

కోనసీమ నుంచి రాస్తున్నాను. మా అమ్మ కూడా ఇలాగే వచ్చింది, అందుకే ఈ చర్చ వదిలి పోలేకపోయాను.

ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు ఇంటి పనికి గల్ఫ్ వెళ్లడానికి మన ప్రభుత్వం క్లియరెన్స్ ఇవ్వదు. అప్పటికి అమ్మకు ముప్పై రాలేదు. ఏజెంట్ విజిట్ వీసా మీద మస్కట్ పంపి, అక్కడి నుంచి కువైట్ చేర్చాడు. అంటే మన ప్రభుత్వ రికార్డులో మా అమ్మ అసలు పనికి పోలేదు. ఆ ఇంట్లో నెలల తరబడి జీతం ఇవ్వలేదు. అడిగితే ఫోన్ లాక్కున్నారు. ఒకరోజు చెత్త పారేయడానికి బయటికి వచ్చి, ఒక మలయాళీ ట్యాక్సీ అతన్ని బతిమాలి ఎంబసీకి చేరింది. ఈలోపు అమ్మ పారిపోయిందని కఫీల్ కేసు పెట్టాడు. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే. పాస్‌పోర్టు బదులు ఇంటికి రావడానికి ఎంబసీ ఔట్‌పాస్ కాగితం ఇచ్చింది. జీతం ఎగ్గొట్టినవాడు ఇంట్లోనే ఉన్నాడు, పని చేసినావిడ డిపోర్ట్ అయి వచ్చింది.

వెళ్లేటప్పుడు నేను మూడో తరగతి. వచ్చేసరికి అమ్మకు నా ఎత్తు తెలియదు, కొన్న గౌను పట్టలేదు. ఇప్పటికీ ఇంటికి ఎవరైనా వస్తే కుర్చీలోంచి లేచి వంటగదిలోకి వెళ్లిపోతుంది. మేమందరం తిన్నాక గానీ కంచం పెట్టుకోదు. మొదటి ఏడాది రాత్రిళ్లు వంటింటి గచ్చు మీదే పడుకునేది, మంచం మీదికి రమ్మంటే వినేది కాదు.

తమ్ముడూ, మీ బావ బయటికి రావడం లేదన్నారు. తొందరపెట్టకండి, కానీ ఒంటరిగా కూడా వదలకండి. "సెలవు మీద వచ్చాడు" అనే మాట మాత్రం మెల్లగా మాన్పించండి. ఆ అబద్ధం నిలబెట్టడానికి రోజూ టెన్షన్ పడుతూ బతకాలి. మా అమ్మ నలుగురికీ నిజం చెప్పాకే అప్పులవాళ్లు కూడా కాస్త ఆగారు. మా ఊళ్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు, మాకూ ఇలాగే అయిందని అప్పుడే నోరు విప్పారు.

---

డల్లాస్ తెలుగు

చెల్లీ, మీ పోస్టు చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఇక్కడ కూడా ఆ సిగ్గే చూస్తుంటాం. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు అందులోని విద్యార్థుల్లో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాలికి రేడియో ట్యాగ్‌లు కట్టారు. 2019 జనవరి చివర మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ కేసు. వీసా మోసాలు పట్టుకోవడానికి ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా ప్రభుత్వ హోంల్యాండ్ సెక్యూరిటీ వాళ్లే. క్లాసులు లేవు, ప్రొఫెసర్లు లేరు. మొదట పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. పిల్లలను చేర్పించినవాళ్లలోనూ మనవాళ్లున్నారు. తెలిసి చేరినవాళ్లు ఉన్నారు, తెలియక చేరి మోసపోయినవాళ్లూ ఉన్నారు. ఇద్దరి ఇంటి మీదా బ్యాంకు లోన్ మాత్రం ఒకేలా ఉంది.

2025 ఫిబ్రవరి 5న అమెరికా మిలిటరీ విమానంలో 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దించినప్పుడు దేశమంతా సంకెళ్ల గురించి మాట్లాడింది. మాట్లాడాల్సిందే. ఆ మరునాడు విదేశాంగ మంత్రి రాజ్యసభలో చెప్పిన లెక్క ప్రకారం 2009 నుంచి ఆ విమానం దాకా అమెరికా నుంచి వెనక్కి వచ్చిన భారతీయులు 15 వేల మందికి పైగా. సౌదీ నుంచి, కువైట్ నుంచి ఔట్‌పాస్‌లతో వచ్చేవాళ్ల కోసం ఏ ఎయిర్‌పోర్టులోనూ కెమెరాలు రావు. 2013లో సౌదీ నితాఖత్, అంటే కొన్ని ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలన్న నిబంధన, గడువు ముగిసేలోపు లక్ష మందికి పైగా భారతీయులు వెనక్కి వచ్చారు. మన జిల్లాల్లో ఎన్ని ఇళ్లు కుంగిపోయాయో ఆ రోజుల్లో ఎవరూ అడగలేదు.

---

బాలాపూర్ టీచర్

సూటిమాట గారూ, ఒకే కొలత ఉండాలన్నారు కదా, దానికి జవాబు ఇవ్వాలి.

నేను హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు పిల్లలకు చదువు చెప్తాను. రోహింగ్యా కుటుంబాలు 2012 తర్వాత ఇక్కడికి ఎక్కువగా వచ్చాయి. కోరుట్ల తమ్ముడి బావను పంపేస్తే ఆయనకు ఇల్లుంది, భార్య ఉంది, రేషన్ కార్డుంది, ఓటుంది. వీళ్లకు అవేమీ లేవు. మయన్మార్ 1982లో చేసిన పౌరసత్వ చట్టం వీళ్లను తన మనుషులుగా ఒప్పుకోలేదు. 2017లో ఆర్మీ దాడులకు భయపడి ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అలాంటి చోటికి పంపడాన్నీ, పని వీసా నిబంధన తప్పినవాడిని సొంత ఊరికి పంపడాన్నీ ఒకే తక్కెడలో పెట్టలేం. ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తోసేయకూడదన్నది శరణార్థుల చట్టానికి పునాది. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. అందుకే వీళ్ల చేతిలో ఉన్న ఐక్యరాజ్యసమితి శరణార్థి కార్డుకు పోలీస్ స్టేషన్‌లో పెద్దగా బలం లేదు. 2018 అక్టోబర్‌లో అస్సాం జైలు నుంచి ఏడుగురిని మణిపూర్ సరిహద్దులో మయన్మార్‌కు అప్పగించారు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జమ్మూలో ఉన్నవాళ్ల కేసులో, పద్ధతి ప్రకారమైతే పంపవచ్చని చెప్పింది.

ఆ రోజుల నుంచి ఇక్కడి పిల్లల్లో ఒక మార్పు చూశాను. బయట జీపు ఆగితే పెన్సిల్ పక్కన పెట్టేసి చెప్పులు వేసుకుంటారు. ఈ పిల్లల్లో కొందరు మన పిల్లలతో సమానంగా తెలుగు మాట్లాడతారు. డిపోర్టేషన్ జరిగిన రోజున మాత్రమే దెబ్బ తగులుతుందని అనుకుంటాం. ఎప్పుడు జరుగుతుందో తెలియని ఇళ్లలో అది రోజూ తగులుతూనే ఉంటుంది. కువైట్‌లో హసావియా రూముల్లో మనవాళ్లు కూడా ఇలాగే తలుపు చప్పుడు వింటూ పడుకుంటారని ఈ చర్చ చదివాకే తెలిసింది.

---

సూటిమాట

టీచర్ గారూ, మీరు చెప్పిన తేడా అర్థమైంది. ఎవరు వస్తున్నారో, ఎవరు ఉంటున్నారో చూసుకునే హక్కు దేశానికి ఉండాలన్నదే ఇప్పటికీ నా మాట. కానీ శరణార్థి ఎవరో, పని కోసం వచ్చినవాడు ఎవరో తేల్చడానికి మనకు ఒక చట్టం లేకపోవడం సరికాదు. అది లేకుండా పోలీసు ఇష్టానికి వదిలేయడం నాకూ నచ్చదు.

---

హసావియా పాత కాపు

కోరుట్ల తమ్మీ, అప్పు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా.

2024 సెప్టెంబర్‌లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబానికి 5 లక్షలు ఇస్తూ జీవో తెచ్చింది. ఎన్నో ఏళ్లు గల్ఫ్ సంఘాలు ధర్నాలు చేస్తే వచ్చింది, మంచిదే. బతికి వచ్చినవాడి చేతిలో పెట్టేది మాత్రం ఏమీ లేదు. కేరళలో ప్రవాసుల కోసం ప్రభుత్వం పెట్టిన నోర్కా వాళ్లు రెండేళ్లు పైబడి బయట పనిచేసి తిరిగొచ్చినవాళ్లకు 30 లక్షల వరకు వ్యాపార లోన్ ఇప్పించి, అందులో 15 శాతం, మూడు లక్షలకు మించకుండా, సబ్సిడీగా ఇస్తారు. కోళ్ల ఫారం పెట్టుకోవచ్చు, బండి కొనుక్కోవచ్చు. గల్ఫ్‌లో మన జనం కూడా తక్కువేం కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి నుంచి ప్రతి ఎన్నికల్లో గల్ఫ్ బోర్డు హామీ వింటూనే ఉన్నాం. ఇలాంటి లోన్ మనకూ కావాలని గట్టిగా అడగాలి.

ఇప్పటికి చేయగలిగింది చెప్తా. మిత్తికి ఇచ్చినవాడి దగ్గరికి బావను పంపకు, నువ్వూ అక్కా పోండి. అసలు కొంచెం కొంచెంగా కడతాం, మిత్తి ఆపమని అడగండి. డిపోర్ట్ అయ్యాడని తెలిస్తే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్లకూ అసలు రావాలి కదా. మహిళా సంఘంలో అక్కకు లోన్ వస్తే రెండు రూపాయల మిత్తి అప్పును అందులోకి మార్చుకోండి. టైల్స్ పని బాగా వచ్చు కాబట్టి హైదరాబాద్‌లోనూ, కరీంనగర్‌లోనూ పని దొరుకుతుంది. కువైట్‌లో పని నేర్చినవాడి చేతికి ఇక్కడ మేస్త్రీలు విలువ ఇస్తారు. ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్‌లో ఒక అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి, ఏజెంట్ కేసుకు కూడా అది పనికొస్తుంది.

---

కోరుట్ల బిడ్డ

అందరికీ చేతులెత్తి దండం. ఏజెంట్ పేరు ఈ-మైగ్రేట్‌లో లేదు, చూశాను. ఫోన్‌పేలో పంపిన 60 వేల స్క్రీన్‌షాట్ అక్క ఫోన్‌లో దొరికింది. లంకల అమ్మాయి గారి పోస్టు బావకు చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు గానీ, సాయంత్రం నాతో పాటు ఆ వకీలు గారు చెప్పిన కాగితాలు జిరాక్స్ తీయించడానికి బస్టాండ్ దాకా వచ్చాడు.

---

గల్ఫ్ ఇంటావిడ

ఇంతవరకూ చదువుతూ ఉన్నాను, రాయడం ఇదే మొదలు. మా ఆయన కూడా ఇప్పుడు 20 వీసా మీదే కువైట్‌లో బయట పని చేస్తున్నారు. ఇదంతా చదివాక నిద్ర పట్టడం లేదు. రమ్మంటే ఇంకో ఏడాది ఆగమంటున్నారు. ఇక్కడి నుంచి నేను ఏం చేయగలను?

---

హసావియా పాత కాపు

అమ్మా, భయపడుతూ కూర్చోకు, ఈ వారమే కొన్ని పనులు చెయ్యి. ఆయన పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, బతాకా రెండు వైపులా, వీసా కాగితం, కఫీల్ పేరు, ఫోన్ నంబర్, ఆయన ఉంటున్న బిల్డింగ్ అడ్రస్, ఇవన్నీ ఫొటో తీసి నీకు పంపమను. పట్టుకుంటే ఫోన్ చేయనిస్తారన్న నమ్మకం లేదు, ఆ కాగితాలుంటేనే నువ్వు ఇక్కడి నుంచి ఎంబసీకి ఫిర్యాదు పెట్టగలవు. జీతం చేతిలో దాచుకోవద్దని చెప్పు, నెల నెలా పంపేయమను. కాంట్రాక్టర్ దగ్గర బాకీ ఒక నెలకు మించి పెరగనివ్వొద్దు.

బతాకా గడువు ఎప్పటిదో అడుగు. గడువు ఇంకా ఉండి, ఆయన పారిపోయాడని కఫీల్ కేసు పెట్టకపోతే, టికెట్ కొనుక్కుని మామూలుగా ఎగ్జిట్ వేయించుకుని రావచ్చు. అలా వచ్చినవాడి వేలు డిపోర్ట్ లిస్టులోకి ఎక్కదు, రేపు సరైన 18 వీసా దొరికితే పోవచ్చు. చెకింగ్‌లో దొరికాక ఆ దారి మూసుకుపోతుంది. ఆయనతో మాట్లాడాలంటే నంబర్ నాకు ప్రైవేట్ మెసేజ్‌లో పంపు, ఇక్కడ అందరి ముందూ పెట్టకు. శుక్రవారం అక్కడ సెలవు, మధ్యాహ్నం తర్వాత నేనే ఫోన్ చేస్తా.